ప్రొఫైల్ నుంచి పెళ్లిపీటల దాకా: ఈ కాలం పరిచయాలకు ఒక సమగ్ర మార్గదర్శి

మొన్న సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లినప్పుడు మా పిన్ని కూతురు నన్ను చెయ్యి పట్టుకుని డాబా మీదికి లాక్కెళ్లింది. కింద అందరూ అరిసెలు వత్తే పనిలో ఉన్నారు. ఫోను నా చేతిలో పెట్టి, “అక్కా, ఇతనికి ఏమని జవాబివ్వాలో చెప్పవా? రెండు రోజులైంది, ఏం రాయాలో తెలియడం లేదు” అంది. చూస్తే అవతలి అబ్బాయి అడిగింది ఒక్క మాటే: “మీరు ఈ యాప్‌లో దేనికోసం ఉన్నారు?”

ఇరవై ఆరేళ్ల పిల్ల దగ్గర దానికి జవాబు లేదు. ఆ వయసులో నా దగ్గరా లేదు. మా ఆయన, నేను 2018లో ఒక డేటింగ్ యాప్‌లోనే కలిశాం. నాది తెనాలి దగ్గర పల్లె, తనది హన్మకొండ. కులాలు వేరు. పరిచయానికీ పెళ్లికీ మధ్య రెండున్నరేళ్లు పట్టింది. ఆ దారిలో నేను చేసిన తప్పులు, ఆలస్యంగా తెలిసిన సంగతులు, నాకంటే కష్టమైన దారిలో నడిచిన స్నేహితుల దగ్గర నేర్చుకున్నవి, అన్నీ ఆ రోజు డాబా మీద మా చెల్లికి చెప్పినట్టే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: దేనికోసమో ముందు మీకు తెలియాలి

యాప్ డౌన్‌లోడ్ చేసుకునే ముందే ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి. ఇప్పుడు నాకు కావాల్సింది పెళ్లా, తోడా, లేక నలుగురిని కలిసి నాకు ఎవరు సరిపోతారో తెలుసుకోవడమా? పెళ్లే అయితే ఎంతకాలంలో? మా ఇంట్లోవాళ్లు దేనికి ఒప్పుకోరు, అందులో దేనికోసం నేను గట్టిగా నిలబడగలను?

మొదటి రెండూ చాలామంది ఆలోచిస్తారు. మూడోది దాటవేస్తారు. అసలు గుండెకోతంతా అక్కడి నుంచే వస్తుంది. రెండేళ్లు కలిసి తిరిగాక “మా ఇంట్లో ఒప్పుకోరు, ఏమనుకోకు” అని చెప్పేవాళ్లకు ఆ సంగతి మొదటి రోజే తెలుసు. కొత్తగా తెలిసిందేమీ కాదు. మీరు ఎంతవరకు నిలబడగలరో మీకే తెలియకపోతే, ఆ మాటే అవతలివాళ్లకు ముందుగా చెప్పండి. “నాకు నువ్వంటే ఇష్టం, కానీ మా నాన్న ఎదురు తిరిగితే ఏం చేస్తానో ఇప్పుడు చెప్పలేను” అనడం బలహీనత కాదు. అది విన్నాక ఉండాలో వెళ్లాలో ఎదుటి మనిషి నిర్ణయించుకోగలుగుతారు.

రెండో మెట్టు: ఎక్కడ వెతకాలి

మన అమ్మానాన్నల కాలంలో సంబంధం ఎవరో ఒకరి నోటి ద్వారా వచ్చేది. పెళ్లిళ్ల పేరయ్య, మేనత్త, గుడి పూజారి, లేదా పక్కూరి పెళ్లిలో చూసి “ఆ అమ్మాయి ఎవరమ్మాయండీ” అని అడిగిన పెద్దావిడ. 1990ల చివర్లో షాదీ డాట్ కామ్, భారత్ మ్యాట్రిమొనీ లాంటి వెబ్‌సైట్లు మొదలయ్యాక పేరయ్య గారి సంచిలోని బయోడేటాలు కంప్యూటర్లోకి వచ్చాయి. వెతికేది మాత్రం ఇంట్లోవాళ్లే. 2012లో అమెరికాలో టిండర్ మొదలయ్యాక ఇంట్లోవాళ్లు పక్కకు తప్పుకుని అబ్బాయీ అమ్మాయీ నేరుగా ఎదురుపడటం మొదలైంది. బంబుల్ 2014లో అమ్మాయే ముందు పలకరించాలన్న నియమంతో వచ్చి, 2018 చివర్లో మన దేశంలో అడుగుపెట్టింది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సామాజికశాస్త్రవేత్త మైకేల్ రోజెన్‌ఫెల్డ్, ఆయన సహచరులు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో 2017లో కలిసిన స్త్రీపురుష జంటల్లో దాదాపు 39 శాతం ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్లే. స్నేహితుల ద్వారా కలిసినవాళ్ల సంఖ్యను కూడా అది దాటిపోయింది. మన దగ్గర పరిస్థితి అది కాదు. ఇక్కడ ఇప్పటికీ పెద్దలు కుదిర్చేవే ఎక్కువ. కానీ మధ్యస్థంగా ఒక కొత్త దారి తయారైంది. ఇంట్లోవాళ్లు మ్యాట్రిమొనీలో ప్రొఫైల్ పెడతారు, నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు, ఆ తర్వాత పిల్లలిద్దరూ నెలా రెండు నెలలు మాట్లాడుకుని, బయట కలిసి, అప్పుడు పెళ్లిచూపులకు రమ్మంటారు. నా దృష్టిలో ఇదీ డేటింగే, పేరు పెట్టకపోయినా.

ఏది ఎంచుకోవాలి? ఏడాదిలో పెళ్లి చేసుకోవాలనుంటే మ్యాట్రిమొనీ సైటే మేలు, ఎందుకంటే అక్కడికి వచ్చినవాళ్లందరికీ దేనికొచ్చారో తెలుసు. తొందర లేదు, మనిషి అర్థం కావాలి అనుకుంటే డేటింగ్ యాప్. వీటికి తోడు మూడో దారిని మాత్రం మరచిపోకండి: మనుషులు నిజంగా ఒకచోట చేరే చోట్లు. హైదరాబాద్‌లో డిసెంబరు పుస్తక ప్రదర్శన, బంజారాహిల్స్ లామకాన్‌లో సాయంత్రపు కార్యక్రమాలు, ఆదివారం పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తే బృందాలు, ట్రెక్కింగ్ గ్రూపులు. విశాఖలో బీచ్ శుభ్రం చేసే బృందాలు ఉన్నాయి. ఇలాంటి చోట నాలుగు వారాలు వరసగా కనబడితే, ఒక మనిషి ఇతరులతో ఎలా ఉంటారో మీ కళ్లతో మీరే చూస్తారు. చాయ్ తెచ్చిన కుర్రాడితో ఎలా మాట్లాడతారో ఏ ప్రొఫైలూ చెప్పదు.

మూడో మెట్టు: ప్రొఫైల్

నాలుగైదు ఫొటోలు చాలు. ఒకటి ముఖం స్పష్టంగా, పగటి వెలుతురులో. ఒకటి నిలువెత్తు. ఒకటి మీరు ఇష్టంగా చేసే పని చేస్తూ. పెళ్లి ఆల్బమ్‌లోంచి కత్తిరించినవి, పక్కన ఎవరిదో భుజం కనిపించేవి వద్దు. ఫిల్టర్ వద్దు, నల్ల కళ్లద్దాలు ఒక్క ఫొటోకు మించి వద్దు. అమ్మాయిలకు ఒక మాట: మీ ఆఫీసు ఐడీ కార్డు, హాస్టల్ బోర్డు, ఇంటి ముందు బైక్ నంబరు ఫొటోలో లేకుండా చూసుకోండి. ఇన్‌స్టాలో పెట్టిన ఫొటోనే ఇక్కడా పెడితే దాన్ని వెతికి మీ ఖాతా పట్టుకోవడం తేలిక.

మా చెల్లి ప్రొఫైల్లో రాసుకున్నది ఇది: “సింపుల్ గర్ల్. ప్రయాణాలు, సంగీతం, ఫుడ్ ఇష్టం.” ఇది చదివి ఎవరైనా ఏం అడగగలరు? ఇద్దరం కూర్చుని ఇలా మార్చాం: “బాపట్ల పిల్లని, మాదాపూర్‌లో ఉద్యోగం. ఆదివారం పొద్దున పెసరట్టు కోసం ఎంత దూరమైనా వస్తాను. ఈత నేర్చుకుంటున్నాను, ఇంకా నీళ్లంటే భయమే. రెండు మూడేళ్లలో పెళ్లి చేసుకునే ఉద్దేశం ఉంది, తొందర లేదు.” ఆ వారం వచ్చిన మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఈత గురించే. ఎవరో ఒకరు పట్టుకోవడానికి ఒక కొస ఇవ్వాలి, అంతే.

ఎత్తు, వయసు, జీతం, అంతకుముందు పెళ్లయిందా అన్నవి నిజం రాయండి. విడాకులైనవాళ్లు దాచాలా వద్దా అని తెగ మథనపడతారు. దాచవద్దు. చెప్పినందుకు వెళ్లిపోయేవాళ్లు ఎలాగూ ఉండేవాళ్లు కాదు.

నాలుగో మెట్టు: మాట కలపడం

“హాయ్” అని పెట్టి వదిలేయడం, “తిన్నారా?” అని రోజూ మూడు పూటలా అడగడం, మనవాళ్లలో ఈ రెండూ ఎక్కువ. “తిన్నారా” అన్నది మన భాషలో ప్రేమగల మాటే, అమ్మ అడిగే మాట. కానీ అప్పుడే పరిచయమైన మనిషి రోజూ అదే అడుగుతుంటే “తిన్నాను, మీరు?” తప్ప ఇంకో జవాబు ఉండదు. వాళ్ల ప్రొఫైల్లోని ఒక మాట పట్టుకుని అడగండి. “ఈత ఎక్కడ నేర్చుకుంటున్నారు? నేను చిన్నప్పుడు కాలవలో నేర్చుకున్నాను, ములక్కాడ కట్ట కట్టుకుని” అని ఒకబ్బాయి మా చెల్లికి రాశాడు. నిజానికి అది ఎండిన సొరకాయలా, మునగ కట్టెలా అని ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. సంభాషణ అంటే అది.

వారం పది రోజులు రాసుకున్నాక ఫోన్లో మాట్లాడండి. నెలల తరబడి టైప్ చేసుకుంటూ ఉంటే మనం ఎదుటి మనిషిని కాదు, మన ఊహలో కట్టుకున్న మనిషిని ప్రేమిస్తాం. గొంతు వినగానే సగం ఊహ కరిగిపోతుంది, అది మంచిదే.

ఇక్కడ ‘మీరు’, ‘నువ్వు’ సంగతి చెప్పాలి. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు మా ఆయన “ఏం జేస్తున్నవ్?” అన్నారు. నాకు చివుక్కుమంది. మా వైపు కొత్తవాళ్లను అలా అనరు. ఫోన్ పెట్టేసి ఇక చాలనుకున్నాను కూడా. తర్వాత వాళ్లింటికి వెళ్లి చూస్తే అందరూ అందరినీ ఆప్యాయంగా ‘నువ్వు’ అనే పిలుచుకుంటున్నారు, వాళ్లమ్మగారు నన్నూ “బిడ్డా, నువ్వు తిను” అన్నారు. అందులో చిన్నచూపు లేదు. ఒక ప్రాంతం మాటతీరును ఇంకో ప్రాంతం కొలతతో కొలిస్తే మంచి మనిషిని పోగొట్టుకుంటాం. నచ్చకపోతే నేరుగా అడగడమే దారి: “కొన్నాళ్లు ‘మీరు’ అందామా? నాకు అలా అలవాటు.” నేను అడిగాను. ఆయన ఏమీ అనుకోకుండా మారారు. నాలుగు నెలల తర్వాత నేనే ‘నువ్వు’లోకి వచ్చాను. ఆ రోజు నాకింకా గుర్తుంది.

ఐదో మెట్టు: నిజం మనిషేనా?

కలిసే ముందు ఒక వీడియో కాల్ తప్పనిసరి. ముఖం చూపించడానికి మూడుసార్లు సాకు చెప్పినవాళ్లను వదిలేయండి. పేరు, ఊరు, చదివిన కాలేజీ, చేసే ఉద్యోగం, ఈ నాలుగూ ఒకదానికొకటి పొసగాలి. లింక్డ్‌ఇన్‌లో చూడండి, ఆ కాలేజీలో మీకు తెలిసినవాళ్లుంటే అడగండి. ఇది అనుమానించడం కాదు. పాత రోజుల్లో సంబంధం వస్తే మేనమామ ఆ ఊరెళ్లి టీకొట్టు దగ్గర వాకబు చేసి వచ్చేవాడు. ఇప్పుడు ఆ పని మనమే చేసుకోవాలి.

నేను ఆ పని చేయకుండా ఒకసారి దెబ్బతిన్నాను. 2017లో ఒకతనితో మూడు నెలలు మాట్లాడాను. శని, ఆదివారాలు ఫోన్ ఎత్తేవాడు కాదు, ఊరెళ్లానని చెప్పేవాడు. తర్వాత తెలిసింది, అప్పటికే నిశ్చితార్థం అయిపోయింది, తాంబూలాలు కూడా మార్చుకున్నారు. సెలవు రోజుల్లో, రాత్రి ఎనిమిది తర్వాత ఎప్పుడూ అందుబాటులో లేని మనిషి ఉంటే కారణం అడిగి తెలుసుకోండి.

డబ్బు మోసాలు మూడు నాలుగు రకాలు, కథ మారినా వరస ఒకటే. విదేశంలో డాక్టరునని చెప్పి, గిఫ్ట్ పార్శిల్ పంపానని, కస్టమ్స్‌లో చిక్కుకుంది డబ్బు కట్టమని ఇంకొకరితో ఫోన్ చేయించడం. నెల రోజులు ప్రేమగా మాట్లాడి, క్రిప్టోలోనో ట్రేడింగ్ యాప్‌లోనో పెట్టుబడి పెట్టించడం. మొదట చిన్న లాభం నిజంగానే చేతికిస్తారు, పెద్ద మొత్తం పెట్టాక యాప్ మూతపడుతుంది. రాత్రి వీడియో కాల్‌లో బట్టలు తీయించి, రికార్డు చేసి బెదిరించడం. అబ్బాయిలకు ఇంకొకటి: అమ్మాయి తనకు తెలిసిన పబ్బుకే రమ్మంటుంది, ధరలు లేని మెనూలోంచి వరసగా తెప్పిస్తుంది, వేలల్లో బిల్లు మీ ముందు పెట్టించి మాయమైపోతుంది. 2024లో హైటెక్ సిటీ దగ్గర ఇలాంటి ముఠాను సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు.

కలవకముందు ఎవరికీ ఒక్క రూపాయి పంపవద్దు. పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటల్లోపు చేస్తే డబ్బు అవతలి ఖాతాలోనే ఆపించే అవకాశం ఉంటుంది, సిగ్గుపడి రెండు రోజులు ఆగితే ఆ అవకాశం పోతుంది. ఫొటోలతో బెదిరిస్తే డబ్బు కట్టవద్దు, కట్టినకొద్దీ అడుగుతూనే ఉంటారు. స్క్రీన్‌షాట్లు దాచుకుని ఫిర్యాదు చేయండి. తెలంగాణలో షీ టీమ్స్ 2014 నుంచి ఇలాంటి కేసులు చూస్తున్నాయి, పేరు బయటికి రాకుండా మాట్లాడతారు. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవలో, ఫొటో ఎవరికీ పంపకుండా దాని డిజిటల్ గుర్తును మాత్రమే నమోదు చేస్తే, ఆ సేవతో కలిసి పనిచేసే సోషల్ మీడియా సంస్థలు అది తమ దగ్గర పడకుండా అడ్డుకుంటాయి.

స్వలింగ ప్రేమికులు ఈ జాగ్రత్తలు రెట్టింపు తీసుకోవాలి, ఎందుకంటే “మీ ఇంట్లో చెప్పేస్తా” అనే బెదిరింపు వాళ్లకు ఎక్కువ. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6నే ఈ ప్రేమ నేరం కాదని తేల్చింది, కాబట్టి పోలీసు దగ్గరకు వెళ్లడానికి భయపడనక్కర్లేదు. పెళ్లికి మాత్రం ఇంకా చట్టం లేదు. ఆ హక్కు కోసం వేసిన కేసులో ముందు నిలిచింది హైదరాబాద్‌లో ఉండే జంటే. 2023 అక్టోబరు 17న వచ్చిన తీర్పు వాళ్లకు అనుకూలంగా రాలేదు.

ఆరో మెట్టు: మొదటిసారి కలవడం

పగలు, జనం ఉన్న చోట, గంటలో ముగిసేలా. సినిమా వద్దు, రెండున్నర గంటలు తెర చూసి రావడం తప్ప ఏమీ తెలియదు. లాంగ్ డ్రైవ్ అసలే వద్దు. మెట్రో స్టేషన్‌కు దగ్గరలో ఏ కేఫ్ అయినా మంచిదే, ఎవరి దారిన వాళ్లు వచ్చి ఎవరి దారిన వాళ్లు వెళ్లొచ్చు. ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి అన్నది ఒక స్నేహితురాలికి పంపి, లైవ్ లొకేషన్ ఆన్ చేసి పెట్టండి. “గంట తర్వాత ఫోన్ చెయ్యవే” అని చెప్పండి. ఇబ్బందిగా ఉంటే ఆ ఫోన్ మీద లేచి వచ్చేయవచ్చు. అబ్బాయిలకూ ఇదే చెబుతాను.

మేం కలిసింది సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్లో. మధ్యాహ్నం మూడున్నర. పాలరాతి బల్ల, పక్కన తిరుగుతున్న పాత ఫ్యాను, రెండు కప్పుల చాయ్, సాసర్లో ఉస్మానియా బిస్కెట్లు. నేను టెన్షన్‌లో బిస్కెట్‌ను చాయ్‌లో ఎక్కువసేపు ముంచాను, అది విరిగి కప్పులో పడిపోయింది. ఆయన ఏమీ అనలేదు, నవ్వలేదు. తన చెంచా నా వైపు జరిపి మాట్లాడుతున్న మాట కొనసాగించారు. ఇంటికొచ్చాక నాకు గుర్తున్నది ఆ చెంచా ఒక్కటే. మొదటిసారి కలిసినప్పుడు పెద్ద ప్రశ్నలు అడగకండి. ఇలాంటి చిన్నవి చూడండి: మీ మాట పూర్తికానిస్తున్నారా, ఫోన్ ఎన్నిసార్లు చూస్తున్నారు, వెయిటర్‌ను ఎలా పిలుస్తున్నారు, మీరు “వద్దు” అన్నది ఒక్కసారికే వింటున్నారా.

బిల్లు ఎవరు కట్టాలన్నది పెద్ద చర్చ అక్కర్లేదు. పిలిచినవాళ్లు కట్టొచ్చు, లేదా సగం సగం. ఎదుటివాళ్లు కడతారులే అని మాత్రం కూర్చోకండి.

నచ్చకపోతే ఆ రాత్రే చెప్పండి. “మిమ్మల్ని కలవడం బాగుంది. కానీ మనం ముందుకు వెళ్లడం కుదరదనిపించింది. మీకు మంచి జరగాలి.” ఇంతే. జవాబివ్వకుండా మాయమైపోతే అవతలివాళ్లు వారం పాటు తమలో తప్పు వెతుక్కుంటారు. మీకు అదే జవాబు వస్తే కారణం అడిగి వేధించకండి. అమ్మాయి వద్దన్నాక అబ్బాయి పదేపదే వెంటపడటం, మెసేజ్‌లు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. పట్టువదలకుండా వెంటపడితే ఒప్పుకుంటుందని మన కుర్రాళ్లు చిన్నప్పటి నుంచి వెండితెర మీద చూస్తూ పెరిగారు. ఆ మాట నమ్మవద్దని నా తమ్ముళ్లందరికీ చెబుతాను.

ఏడో మెట్టు: మూడో కలయిక తర్వాత మాట్లాడాల్సినవి

ఇక్కడ నెమ్మదిగా వెళ్లండి. ఒకే రోజు ఇంటర్వ్యూలా కాకుండా, నడుస్తూనో తింటూనో ఒక్కొక్కటి. డబ్బుతో మొదలుపెట్టమంటాను: అప్పులున్నాయా, చదువు లోను ఎంత మిగిలింది, ఇంటికి నెలనెలా ఎంత పంపుతారు, చెల్లెలి పెళ్లి బాధ్యత ఎవరిది. పెళ్లయ్యాక కూడా అమ్మాయి తన తల్లిదండ్రులకు డబ్బు పంపుతానంటే అబ్బాయి ఏమంటాడు? ఈ ఒక్క ప్రశ్న నా ముగ్గురు స్నేహితురాళ్ల జీవితాలను తేల్చింది. తర్వాత ఎక్కడ ఉంటారు, అత్తమామలతోనా, ఉద్యోగం ఎవరు మారాలి, పిల్లలు, మాంసాహారం, పూజలు, ప్రార్థనలు. కట్నం గురించి “మా ఇంట్లోవాళ్లు చూసుకుంటారు” అనే అబ్బాయిని అక్కడే ఆపి అడగండి, నీ మాటేమిటని.

అమెరికా సంబంధమైతే వీసా వివరం పూర్తిగా అడగాలి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదువుతున్నవాళ్లను పెళ్లి చేసుకుని, వాళ్ల భాగస్వామికిచ్చే ఎఫ్-2 మీద వెళ్తే ఉద్యోగం చేయడానికి వీల్లేదు. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భాగస్వామికి హెచ్-4 వస్తుంది. దాని మీద ఉద్యోగం చేయాలంటే 2015 నుంచి అనుమతిపత్రం ఇస్తున్నారు గానీ, అది అందరికీ రాదు. ప్రధానంగా అవతలివాళ్ల గ్రీన్‌కార్డు దారిలో వాళ్ల కంపెనీ వేసే ఐ-140 అనే అర్జీ ఆమోదమై ఉండాలి. ఇక్కడ మంచి ఉద్యోగం మానేసి, అక్కడ ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చుని కుమిలిపోయినవాళ్లు నాకు తెలుసు. “ఐ-140 అయిందా?” అని అడగడం అత్యాశ కాదు.

శారీరక సాన్నిహిత్యం గురించి రెండు మాటలు. ఎప్పుడు, ఎంతవరకు అన్నది ఇద్దరి ఇష్టం, నిన్న సరేనన్నంత మాత్రాన ఇవాళ సరే అన్నట్టు కాదు. ఫొటోలు, వీడియోలు తీయనివ్వకండి, ఎంత నమ్మకమున్నా సరే. అబ్బాయిలు తెలుసుకోవాల్సింది: నెరవేర్చే ఉద్దేశమే లేకుండా పెళ్లి మాట ఇచ్చి దగ్గరైతే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

ఎనిమిదో మెట్టు: కులం మాట

యాప్‌లో కులం కాలమ్ ఉండదు. కానీ పరిచయమైన మూడో రోజుకే “మీ ఇంటిపేరేంటి?” అని వస్తుంది. మా వైపైతే “మీరేమిట్లు?” అనే అడిగేస్తారు. దేశవ్యాప్తంగా 2011-12లో జరిగిన మానవ అభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు ఐదు శాతం దగ్గరే ఉన్నాయి. అంటే ఈ దారిలో నడిచేవాళ్లు తక్కువే, ముందు నడిచినవాళ్ల అడుగులూ తక్కువే.

ఇంటిపేరు అడిగినవాళ్లందరూ కులపిచ్చి ఉన్నవాళ్లని కాదు. ఇంట్లో ఏం ఎదురవుతుందోనన్న భయంతో అడిగేవాళ్లు ఎక్కువ. అందుకే దొంగచాటుగా కాకుండా తెరిచి మాట్లాడుకోమంటాను. “మా ఇంట్లో ఇది సమస్య అవుతుంది. మీ ఇంట్లో?” మిర్యాలగూడలో 2018లో, సరూర్‌నగర్‌లో 2022లో ఇంట్లో వద్దన్న పెళ్లి చేసుకున్నందుకు అమ్మాయి తరపువాళ్ల వల్ల అబ్బాయి ప్రాణం ఎలా పోయిందో మనందరికీ తెలుసు. మిర్యాలగూడ కేసులో 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, మిగతావాళ్లకు యావజ్జీవం వేసింది. శిక్ష పడినా పోయిన ప్రాణం రాలేదు. మీ ఇంట్లో కోపం మాటలతో ఆగేదా, చేతుల దాకా వచ్చేదా, మీకంటే బాగా ఎవరికీ తెలియదు. రెండోదైతే తర్వాతి మెట్టు మీకు వర్తించదు, నేరుగా పదో మెట్టుకు వెళ్లండి.

తొమ్మిదో మెట్టు: ఇంట్లో చెప్పడం

మీరిద్దరూ ఖాయం అనుకున్నాకే చెప్పండి, కానీ ఆ తర్వాత ఆలస్యం చేయకండి. ఇంట్లో వేరే సంబంధాలు చూడటం మొదలుపెట్టి, ఎవరికో మాట ఇచ్చాక చెబితే, మీ ప్రేమ కంటే పోయిన పరువే పెద్ద గొడవవుతుంది. ముందు ఒక్కరికి చెప్పండి. ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుందో వాళ్లకు. మా ఇంట్లో అది మా పెద్దత్త.

నాన్నకు నేను పొలం గట్టు మీద చెప్పాను, సాయంత్రం, ఆయన నీళ్లు మళ్లించి వస్తుంటే.

“నాన్నా, ఒకబ్బాయి ఉన్నాడు. హన్మకొండ. నాతో పాటే ఉద్యోగం చేసేంత చదువు. మీరు ఒకసారి చూడాలి.”

“మనవాళ్లేనా?”

“కాదు నాన్నా.”

ఆయన పార భుజాన వేసుకుని ఇంటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. తర్వాత పదకొండు రోజులు మాట్లాడలేదు. నేను వాదించలేదు, ఏడవలేదు, తిండి మానలేదు. ప్రతి రాత్రీ మామూలుగానే ఫోన్ చేసి “నాన్నా, తిన్నారా?” అని అడిగాను. పన్నెండో రోజు “ఆ అబ్బాయి జీతమెంత?” అన్నారు. అంటే ఆలోచిస్తున్నారన్నమాట. అక్కడి నుంచి ఒప్పుకోవడానికి ఇంకో పద్నాలుగు నెలలు. మన ఇళ్లలో మొదటి “వద్దు” చాలాసార్లు నలుగురూ ఏమంటారోనన్న భయమే. దానికి సమయం ఇవ్వండి. చస్తానని మాత్రం బెదిరించకండి. వాళ్లు అలా బెదిరించినా లొంగి ఇంకొకరిని పెళ్లి చేసుకోకండి, ఆ మూడో మనిషి ఏ పాపమూ చేయలేదు.

పదో మెట్టు: చట్టం దారి

ఇద్దరూ హిందువులైతే, కులాలు వేరైనా హిందూ వివాహ చట్టం 1955 సరిపోతుంది. గుడిలోనో ఆర్యసమాజ్‌లోనో పెళ్లి చేసుకుని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. ఆర్యసమాజ్ ఇచ్చే కాగితం ఒక్కటే చాలనుకోవద్దు. మతాలు వేరై, ఎవరూ మారకుండా పెళ్లి చేసుకోవాలంటే ప్రత్యేక వివాహ చట్టం 1954. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లా వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. దాన్ని కార్యాలయంలో అందరికీ కనబడేలా పెడతారు. 30 రోజుల్లో చట్టబద్ధమైన అభ్యంతరం రాకపోతే పెళ్లి జరిపిస్తారు, ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి కాకపోతే మళ్లీ మొదటి నుంచి. ఒక ముఖ్యమైన సంగతి: మీ శాశ్వత చిరునామా వేరే జిల్లా అయితే నోటీసు ప్రతి అక్కడికీ వెళ్తుంది. అంటే ఊళ్లో తెలిసే అవకాశం ఉంది. ఆ నెల రోజులు ఎక్కడ ఉంటారో ముందే ఏర్పాటు చేసుకోండి.

బయటికి వచ్చేటప్పుడు టెన్త్ మెమో, ఆధార్, పాస్‌పోర్టు, డిగ్రీ ఒరిజినల్స్ మీ దగ్గరే ఉండాలి. టెన్త్ మెమోనే వయసుకు సాక్ష్యం, ఇంట్లో బీరువాలో ఉండిపోతే అన్నీ ఆగిపోతాయి. ఇంట్లోవాళ్లు మిస్సింగ్ కేసు పెడితే దాక్కోకుండా, వకీలును వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి “నా ఇష్టంతోనే వచ్చాను” అని వాంగ్మూలం ఇవ్వండి. పెళ్లీడు వచ్చినవాళ్లు ఎవరినైనా పెళ్లి చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2006లో లతా సింగ్ కేసులో చెప్పింది. 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో ఇలాంటి జంటల రక్షణకు ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం ఉండాలని ఆదేశించింది. ప్రాణభయం ఉంటే 112కి ఫోన్ చేయండి. జిల్లా ఎస్పీకో కమిషనర్‌కో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. జంటలో ఒకరు ఎస్సీ అయి ఇంకొకరు కాకపోతే ప్రభుత్వ ప్రోత్సాహక పథకం గురించి జిల్లా ఎస్సీ సంక్షేమ కార్యాలయంలో అడగండి.

నమోదు రోజు ఇద్దరి ఆధార్, వయసు రుజువు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పెళ్లి ఫొటో, గుర్తింపు కార్డులతో సాక్షులు. పేర్ల అక్షరాలు టెన్త్ మెమోలో ఉన్నట్టే పడ్డాయో లేదో అక్కడే నిలబడి చదవండి, ఒక్క అక్షరం తేడా పడితే తర్వాత వీసా దగ్గర నెలలు పడుతుంది. సర్టిఫికెట్ చేతికొచ్చాక లామినేషన్ చేయించకండి. విదేశాలకు వెళ్లేటప్పుడు దాని మీదే అపోస్టిల్, అంటే మన కాగితం అక్కడ చెల్లేలా ధ్రువీకరించే ముద్ర, వేయాల్సి ఉంటుంది, ప్లాస్టిక్ అంటించిన కాగితాన్ని తీసుకోరు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రెండు ధ్రువీకరించిన ప్రతులు అప్పుడే తీసుకుని, ఒకటి నమ్మకమైన స్నేహితుల ఇంట్లో ఉంచండి.